పాత కంప్యూటర్‌తో నెట్ ఎక్కాలంటే ఏ లినక్స్? పప్పీ, యాంటిక్స్, టైనీ కోర్, క్యూ4ఓఎస్ పోలిక

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు తెలుగు ఇళ్లలో మూలన పడి ఉన్న కంప్యూటర్లను మూడు తరాలుగా చూడొచ్చు. మొదటిది పెంటియం 4 డెస్క్‌టాప్: 256 లేదా 512 ఎంబీ ర్యామ్, 40 జీబీ ఐడీఈ హార్డ్ డిస్క్. రెండోది 2008 తర్వాత వచ్చిన పది అంగుళాల నెట్‌బుక్: ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. మూడోది కోర్ 2 డుయో లేదా పెంటియం డ్యుయల్ కోర్: 2 జీబీ ర్యామ్, సాటా డిస్క్. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ఆగింది, విండోస్ 7కి 2020 జనవరి 14న. వాటితో ఇప్పుడు నెట్‌లోకి వెళ్తే సగం సైట్లు తెరుచుకోవు, తెరుచుకున్నవి క్షేమం కాదు. అందుకే లినక్స్: విండోస్ స్థానంలో వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, రకరకాల పేర్లతో వస్తుంది. అయితే మూడు తరాలకీ ఒకటే లినక్స్ పనికిరాదు.

తేలికైన లినక్స్ వేస్తే పాత కంప్యూటర్ కొత్తదైపోతుందని చాలామంది చెప్తారు. అది సగమే నిజం. తేలికయ్యేది డెస్క్‌టాప్ వరకే. సైట్ల బరువు సైట్లదే. యాంటిక్స్ బూట్ అయ్యాక సుమారు 200 ఎంబీ దగ్గర కుదురుకుంటుంది. అక్కడే ఫైర్‌ఫాక్స్ తెరిచి ఒక్క వార్తాపత్రిక సైట్ పెట్టండి, ఇంకో 500 ఎంబీ ఇట్టే పోతుంది. పిండి కొద్దీ రొట్టె. కాబట్టి ముందు ఏ సైట్లు చూడాలో, ర్యామ్ ఎంతుందో తేల్చుకోండి. లినక్స్ పేరు ఆ తర్వాత.

ముందు మిషన్ సంగతి తెలుసుకోండి

ఏదో ఒక లైవ్ లినక్స్‌తో (డిస్క్‌లో వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిచేది, తయారీ కింద చెప్పాం) బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్-ఎస్-సి-పి-యు అనే అయిదు అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. వచ్చిన జాబితాలో ఫ్లాగ్స్ అని పెద్ద వరస ఉంటుంది. అందులో మూడు మాటలు వెతకాలి.

ఎల్‌ఎం ఉంటే ప్రాసెసర్ 64 బిట్‌ది. కోర్ 2 డుయోలు అన్నీ 64 బిట్‌వే. ఆటమ్ ఎన్270 కాదు, ఎన్450 అవును. పెంటియం 4లో మొదటివి కావు, చివరి రకాల్లో కొన్ని అవును. ఈ తేడా ఇప్పుడు చాలా ముఖ్యం. చాలా లినక్స్‌లకు పునాది డెబియన్; 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేశారు. ఫైర్‌ఫాక్స్ 32 బిట్ లినక్స్‌కి 144తో ఆగింది. దాని దీర్ఘకాలిక రకం ఈఎస్‌ఆర్ 140కి కనీసం 2026 సెప్టెంబర్ వరకు మద్దతు ఇస్తామని మొజిల్లా చెప్పింది. గూగుల్ క్రోమ్ అయితే 2016లోనే 32 బిట్ లినక్స్‌ని వదిలేసింది. అంటే 32 బిట్ మిషన్ మీద డబ్బు పెట్టడం దండగ. ఉన్నదాన్ని ఉన్నట్టు వాడుకోవాలి. ఎల్‌ఎం కనిపిస్తే మాత్రం ర్యామ్ 1 జీబీయే ఉన్నా 64 బిట్ రకమే వేయండి. 32 బిట్ రకం కొంచెం తక్కువ ర్యామ్ తింటుంది నిజమే, కానీ బ్రౌజర్ పాతబడిపోతే ఆ మిగులు ఎందుకూ కొరగాదు.

రెండోది ఎస్‌ఎస్‌ఈ2, ప్రాసెసర్‌కి తెలిసి ఉండాల్సిన ఒక ఆదేశాల సముదాయం. పెంటియం 3లో, అథ్లాన్ ఎక్స్‌పీలో ఇది లేదు. ఇది లేని ప్రాసెసర్ మీద ఇప్పటి ఫైర్‌ఫాక్స్ అసలు మొదలే కాదు. ఎంత ర్యామ్ వేసినా, ఏ లినక్స్ మార్చినా ఫలితం ఉండదు. ఆ మిషన్‌ని టైపింగుకీ పాటలకీ వదిలేయండి.

మూడోది పీఏఈ, 32 బిట్ ప్రాసెసర్ 4 జీబీకి మించిన ర్యామ్‌ని వాడుకునే సదుపాయం. 2003-2005 నాటి కొన్ని పెంటియం ఎం ల్యాప్‌టాప్‌లలో ఈ సదుపాయం ఉన్నా ఫ్లాగ్స్‌లో కనిపించదు. పీఏఈ అడిగే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ లాంటి భాగం) అక్కడే ఆగిపోతుంది. బూట్ లైన్ (బూట్ మెనూలో మార్చుకోగల ఆదేశాల వరస) చివర ఎఫ్-ఓ-ఆర్-సి-ఇ-పి-ఏ-ఇ అని చేరిస్తే ముందుకు వెళ్తుంది. లేదా యాంటిక్స్ 32 బిట్ తీసుకోండి, దాని కెర్నెల్ పీఏఈ అడగదు.

ఏది ఎవరికి

చాలామందికి మా మొదటి సలహా యాంటిక్స్. డెబియన్ పునాది మీద కట్టింది, సిస్టమ్‌డీ అనే సర్వీసుల మేనేజర్ లేదు, ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్‌తో నడుస్తుంది. కనీసం 256 ఎంబీతో కదులుతుంది, 512 ఎంబీ ఉండాలని తయారీదార్ల సూచన. నెట్ కోసమైతే 1 జీబీ లేకుండా దిగకండి. 2023లో వచ్చిన యాంటిక్స్ 23 డెబియన్ 12 మీద ఆధారపడింది, 32 బిట్‌లో కూడా దొరుకుతుంది. డెబియన్ 12కి దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ వరకు ఉంది కాబట్టి పాత మిషన్‌కి ఇంతకంటే నిలకడైన నేల ఇప్పుడు లేదు. నాలుగు రకాలుగా వస్తుంది: ఫుల్, బేస్, కోర్, నెట్. చివరి రెండూ సీడీలో పడతాయని ఆశపడి దించుకోవద్దు, వాటిలో డెస్క్‌టాప్ ఉండదు. ఫుల్ తీసుకోండి, 4 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. లైవ్‌లో యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ డెమో. రూట్ (సర్వాధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ కూడా రూట్ అనే.

పప్పీ లినక్స్ దారి వేరు. 2003లో బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన ఈ లినక్స్ మొత్తాన్నీ ర్యామ్‌లోకి ఎక్కించుకుని నడుస్తుంది. మీరు చేసిన మార్పులన్నీ సేవ్ ఫైల్ అనే ఒకే ఫైల్‌లో దాచుకుంటుంది. వానాకాలంలో చెప్పాపెట్టకుండా కరెంటు పోయే ఊళ్లో, యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌కి ఇది పెద్ద వరం. అసలు సిస్టమ్ ఫైళ్లు రాతకి తెరుచుకుని ఉండవు కాబట్టి కరెంటు పోయినా పాడవవు. ఆఖరిసారి సేవ్ అయ్యాక చేసిన పని మాత్రం పోతుంది. హార్డ్ డిస్క్ చచ్చిపోయిన మిషన్ కూడా పెన్‌డ్రైవ్ మీదే నడిచిపోతుంది. ఇక లోపాలు. పప్పీలో మీరు ఎప్పుడూ రూట్‌గానే ఉంటారు. బ్యాంకు పనులకు అది తగదు, వాటిని ఫోన్‌లో చేసుకోండి. సేవ్ ఫైల్ 512 ఎంబీతో మొదలుపెడితే ఫైర్‌ఫాక్స్ దాచుకునే తాత్కాలిక ఫైళ్లతోనే నిండిపోతుంది; నిండాక బ్రౌజర్ కారణం చెప్పకుండా మూతపడుతుంటుంది. మొదట్లోనే 1 నుంచి 2 జీబీ ఇవ్వండి. 512 ఎంబీ ర్యామ్ మిషన్‌లో సిస్టమ్ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కితే బ్రౌజర్‌కి చోటు మిగలదు. బూట్ లైన్‌లో పి-ఎఫ్-ఐ-ఎక్స్, సమానం గుర్తు, ఎన్-ఓ-సి-ఓ-పి-వై అని ఇస్తే డిస్క్ నుంచే చదువుకుంటుంది. ఏ పప్పీ అన్న దానికి: బయోనిక్‌పప్ ఉబుంటు 18.04 నాటిది, దాని మామూలు మద్దతు 2023లోనే అయిపోయింది. బుక్‌వర్మ్‌పప్ తీసుకోండి.

టైనీ కోర్ పేరు వినగానే అందరికీ ఆశ పుడుతుంది: డెస్క్‌టాప్‌తో కలిపి పాతిక ఎంబీకి అటూ ఇటూ. కానీ వైఫై కావాలంటే పెద్దదైన కోర్‌ప్లస్సే దించుకోవాలి. బ్రౌజర్, ఫాంట్లు, ఫర్మ్‌వేర్ (వైఫై కార్డు లాంటివి నడవడానికి కావాల్సిన ఫైల్) ఒక్కొక్కటీ ఎక్స్‌టెన్షన్‌గా చేర్చుకోవాలి. అన్నీ చేర్చి ఫైర్‌ఫాక్స్ పెట్టాక అది తినే ర్యామ్ యాంటిక్స్‌లో తినేదే. లినక్స్ నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న పిల్లలకు మంచి పలక. ఇంట్లో పెద్దవాళ్ల చేతికి ఇవ్వాల్సిన మిషన్‌కి వద్దు.

ఆ పెద్దవాళ్లకే క్యూ4ఓఎస్. దాని ట్రినిటీ డెస్క్‌టాప్ ఎక్స్‌పీని పోలి ఉంటుంది. మెనూ ఎడమ మూలన, గడియారం కుడి మూలన. ఎక్స్‌పీకి అలవాటు పడిన వారికి కొత్తగా ఏమీ నేర్పక్కర్లేదు. యాంటిక్స్ కంటే ర్యామ్ కాస్త ఎక్కువ అడుగుతుంది. 1 జీబీ ఉన్న నెట్‌బుక్‌లో బాగానే నడుస్తుంది.

లుబుంటు, ఎంఎక్స్ లినక్స్ మూడో తరం మిషన్లకే. లుబుంటు 18.10 తర్వాత 32 బిట్ ఆపేసింది. 4 జీబీ ర్యామ్ ఉన్న కోర్ 2 డుయోలో రెండూ హాయిగా ఉంటాయి, 2 జీబీలో యాంటిక్సే నయం.

తెలుగు చదవాలంటే బ్రౌజర్ ముఖ్యం

తేలికైన బ్రౌజర్ అనగానే అందరూ డిల్లో పేరే చెప్తారు. నిజంగా తేలికైనదే, 64 ఎంబీ మిషన్‌లో కూడా తెరుచుకుంటుంది. కానీ అది వాడే ఎఫ్‌ఎల్‌టీకే లైబ్రరీకి మన అక్షరాల కూర్పు తెలియదు. ఫాంట్ ఉన్నా సరే, ఒత్తులు అక్షరం కిందికి చేరవు. "రాష్ట్రం" అన్న మాటలో ష, ట, ర మూడూ పొల్లులతో విడివిడిగా వరసలో నిలబడతాయి. ఒడియాకీ ఇదే గతి. ఇది ఫాంట్ లోపమనుకుని పది ఫాంట్లు మార్చి చూడటం వృథా. నెట్‌సర్ఫ్ జీటీకే రకం తీసుకుంటే ఒత్తులు సరిగ్గా పడతాయి, ఎందుకంటే అది మన అక్షరాల కూర్పు తెలిసిన పాంగో లైబ్రరీ ద్వారా రాస్తుంది. దాని జావాస్క్రిప్ట్ అంతంతమాత్రమే కాబట్టి మామూలు పేజీలు చదవడానికి సరిపోతుంది, దరఖాస్తులు నింపడానికి సరిపోదు.

సరిహద్దులో చాలా కుటుంబాలకు రెండు రాష్ట్రాల పనీ ఉంటుంది: ఒడిశా పొలం రికార్డుకి భూలేఖ్, ఆంధ్ర వైపు ఉన్న చెక్కకి మీభూమి, రైలు టికెట్‌కి ఐఆర్‌సీటీసీ. వీటికి ఫైర్‌ఫాక్స్ ఈఎస్‌ఆర్ తప్పదు. 1 జీబీలో దాన్ని నడపాలంటే: ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ వేయండి, ట్యాబ్‌లు రెండు దాటనివ్వకండి, ఆటోప్లే ఆపేయండి, డిస్క్ మీద 2 జీబీ స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటు) పెట్టండి. జీర్యామ్ కూడా ఆన్ చేస్తే ర్యామ్‌లోనే కుదించి దాస్తుంది కాబట్టి పాత ఐడీఈ డిస్క్ గరగరలాడటం తగ్గుతుంది. 512 ఎంబీలో ఇవన్నీ చేసినా ఐఆర్‌సీటీసీ లాంటి సైట్ నడుస్తుందని మాట ఇవ్వలేం. యూట్యూబ్‌కి ఎక్స్‌టెన్షన్‌తో హెచ్.264 అనే తేలికైన వీడియో రకం మాత్రమే వచ్చేలా చేసి 360పీకి దించితే కోర్ 2లో బాగుంటుంది. పెంటియం 4లో ఫోన్‌లో చూసుకోవడమే నయం.

ఫాంట్లు లేకపోతే తెలుగు స్థానంలో డబ్బాలు కనిపిస్తాయి. యాంటిక్స్, క్యూ4ఓఎస్, డెబియన్‌లలో ప్యాకేజీ మేనేజర్ తెరిచి ఫాంట్స్, అడ్డగీత, టి-ఇ-ఎల్-యు అని వెతికి వేయండి. ఒడియాకి అదే చోట ఓ-ఆర్-వై-ఏ. పప్పీలో లోహిత్ తెలుగు ఫాంట్ ఫైల్‌ని హోమ్‌లోని డాట్ ఫాంట్స్ ఫోల్డర్‌లో పెడితే చాలు. టైపింగుకి ఐబస్ అనే ప్రోగ్రామ్ వేయొచ్చు గానీ అది ఎప్పుడూ ర్యామ్‌లో కూర్చుంటుంది. ర్యామ్ తక్కువున్న చోట ఎక్స్ కీబోర్డు సెట్టింగుల్లో ఇంగ్లిష్ పక్కన భారత్ లేఅవుట్లలోని తెలుగు, ఒడియా చేర్చి, ఆల్ట్ షిఫ్ట్‌తో మారేలా పెట్టుకోండి. రెండూ ఇన్‌స్క్రిప్ట్ అనే భారతీయ భాషల ఉమ్మడి కీబోర్డు పద్ధతివే కాబట్టి క అక్షరం రెండు భాషల్లోనూ ఒకే మీట మీద ఉంటుంది.

నెట్ ఎలా తేవాలి

అన్నిటికంటే తక్కువ తలనొప్పి ఫోన్ వైరు. ఆండ్రాయిడ్ ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్‌కి అది ల్యాన్ వైరులా కనిపిస్తుంది. డ్రైవర్ అక్కర్లేదు, ఫర్మ్‌వేర్ అక్కర్లేదు. ఫోన్ ఇంటి వైఫైకి కలిసి ఉంటే ఆ వైఫైనే కంప్యూటర్‌కి పంచుతుంది, అంటే ఫోనే వైఫై డాంగిల్ అవుతుంది. టెథరింగ్ మీట బూడిదరంగులో ఉండి నొక్కుడు పడకపోతే ఫోన్ చెడిపోయిందనుకోకండి. అది ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే వైరు. ఫోన్‌తో పెట్టెలో వచ్చిన వైరు వాడండి. కొండల మధ్య ఊళ్లలో సిగ్నల్ కిటికీ దగ్గరే దొరికితే, యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్‌తో ఫోన్‌ని కిటికీలో పెట్టండి. మొత్తం వైరు 5 మీటర్లు దాటకూడదు.

పర్లాకిమిడిలాంటి చోట ఇంకో చిక్కు. అవతల పాతపట్నం పక్కనే ఉంది కాబట్టి ఒడిశా సిమ్ ఆంధ్ర టవర్‌ని పట్టుకోవచ్చు. కొన్ని ఫోన్లలో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే అప్పుడు సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే నెట్ ఆగిపోతుంది. కంప్యూటర్‌లో సెట్టింగులన్నీ తిరగేసే ముందు ఫోన్‌లో ఆ మీట చూడండి.

ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాగడమే ఉత్తమం. పాత మదర్‌బోర్డుల రియల్‌టెక్ ల్యాన్ పోర్టులు అడగకుండానే పనిచేస్తాయి.

వైఫై దగ్గరే ఎక్కువమంది చిక్కుకుంటారు. పాత కార్డులు 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే చూస్తాయి. ఫోన్ హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటే జాబితాలో పేరే కనిపించదు. పేరు కనిపించి పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా కలవకపోతే హాట్‌స్పాట్ భద్రత డబ్ల్యూపీఏ3లో ఉందేమో చూసి డబ్ల్యూపీఏ2కి మార్చండి. బ్రాడ్‌కామ్ కార్డులది వేరే కథ: వాటి ఫర్మ్‌వేర్ నెట్ నుంచి దించుకోవాలి, నెట్ రావాలంటే ఆ ఫర్మ్‌వేర్ ఉండాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు. ఆ ఒక్కరోజుకి ఫోన్ టెథరింగ్‌తో గట్టెక్కండి. డాంగిల్ కొనేటట్టయితే ఏఆర్9271 లేదా ఆర్‌టీ5370 చిప్ ఉన్నది అడగండి, రెండింటి డ్రైవర్లూ కెర్నెల్‌లోనే ఉన్నాయి. యాంటిక్స్‌లో వైఫై అసలు కనిపించకపోతే ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న మీట, ఆ తర్వాత నెట్ కనెక్షన్లు చూసే కాన్‌మ్యాన్ కిటికీలో వైఫై పవర్డ్ గడి చూడండి.

పెన్‌డ్రైవ్ తయారీ, బూట్

విండోస్ దొరికితే దించుకున్న లినక్స్ ఫైల్‌ని రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ మీద రాయండి; పార్టిషన్ పద్ధతి ఎంబీఆర్, టార్గెట్ బయోస్ అని ఎంచుకోండి. ఇంట్లో ఇంకో కంప్యూటర్ లేకపోయినా ఫర్వాలేదు: ఫోన్‌లో ఎచ్‌డ్రాయిడ్ యాప్ వేసి, ఓటీజీతో పెన్‌డ్రైవ్ పెట్టి అందులోంచే రాయొచ్చు. బూట్ మెనూకి డెల్, లెనొవో, ఏసర్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఇంటెల్ బోర్డుల్లో ఎఫ్10. ఏసర్‌లో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 మెనూని ఆన్ చేయాలి. పెన్‌డ్రైవ్ పేరు ఎక్కడా రాకపోతే హార్డ్ డిస్క్‌ల జాబితా లోపల చూడండి. పాత బయోస్‌లు దాన్ని అక్కడ దాస్తాయి. యూఎస్‌బీ బూట్ అసలు లేని మిషన్‌కి పప్పీ లేదా యాంటిక్స్ డీవీడీ కాల్చుకోవాలి. బూట్ మధ్యలో తెర నల్లబడితే బూట్ లైన్‌లో నోమోడ్‌సెట్ (ఎన్-ఓ-ఎం-ఓ-డి-ఇ-ఎస్-ఇ-టి) చేర్చండి.

తారీఖు, బ్యాటరీ

అన్నీ సరిగ్గా పెట్టారు. నెట్ కలిసింది, పింగ్ వెళ్తోంది, కానీ ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ చెల్లదని ఎర్ర హెచ్చరిక వస్తోంది. తెర మూల గడియారం చూడండి, 2003 జనవరి 1 అని ఉంటుంది. మదర్‌బోర్డు మీది నాణెం బ్యాటరీ అయిపోయింది. సైట్ల సర్టిఫికెట్లకు మొదలు తేదీ ఉంటుంది. మీ కంప్యూటర్ లెక్కలో అవి ఇంకా పుట్టనే లేదు. తారీఖు చేత్తో సరిచేస్తే సైట్లు వెంటనే తెరుచుకుంటాయి, ప్లగ్ తీస్తే మళ్లీ మొదటికి. సీఆర్2032 బ్యాటరీ గడియారాల కొట్లో కూడా దొరుకుతుంది. పక్కనున్న చిన్న కొక్కెం వేలితో నొక్కితే పాతది పైకి లేస్తుంది. అక్షరాలున్న వైపు పైకి పెట్టి కొత్తది దించండి. క్యాబినెట్ తెరిచారు కాబట్టి ప్రాసెసర్ చుట్టూ నిలబడిన కెపాసిటర్ల తలలు చూడండి. ఉబ్బి ఉంటే, గోధుమరంగు జిగురు కారి ఉంటే ఆ బోర్డు మీద ఇంకేమీ ఖర్చు పెట్టొద్దు.

ఖర్చు పెట్టదగ్గది ఏదైనా ఉంటే అది కోర్ 2 తరానికి ర్యామ్, తర్వాత చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ. ఇంటెల్ జీ31 చిప్‌సెట్ ఉన్న బోర్డులో రెండు డీడీఆర్2 స్లాట్లు, మొత్తం 4 జీబీ పరిమితి. అంటే 2 జీబీవి రెండు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 4 జీబీ డీడీఆర్2 ముక్కలు చాలావరకు ఏఎండీ బోర్డులకే పనికొస్తాయి, ఇంటెల్ బోర్డులో పెడితే తెర కూడా రాదు. విజయనగరం, విశాఖ వెళ్లే రైలెక్కేవాళ్లు పాత ముక్కని జేబులో పెట్టుకెళ్లండి. దుకాణంలో గాడి పక్కపక్కన పెట్టి చూస్తే డీడీఆర్1, డీడీఆర్2 తేడా కంటికే తెలుస్తుంది. నెట్‌బుక్‌లో స్లాట్ ఒక్కటే, ల్యాప్‌టాప్ రకం డీడీఆర్2, 2 జీబీ దాటదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికితే వేయండి, లేకపోతే వద్దు. కొనే ముందు దుకాణంలోనే పెట్టి చూపించమనండి. వీలైతే ఇంటికొచ్చాక ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్‌ని ఒక రాత్రంతా నడపండి, ఒక్క ఎర్ర గీత వచ్చినా ముక్క వెనక్కి ఇచ్చేయండి.